ఒరిజినల్ కావాలా? ఒరిజినల్ ఒరిజినల్ కావాలా?

రాత్రి పదకొండు దాటాక ఇంటి నుంచి ఫోనొస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మొన్న దీపావళి అయిన వారానికి నాకూ అలాగే వచ్చింది. నాన్న ఫోన్లోంచి అమ్మ.

"ఒరేయ్ చిన్నా, నువ్వు తెచ్చిన చార్జరు టప్పుమని పేలిందిరా. ఎవరో మిగిలిపోయిన టపాకాయ కాల్చారనుకున్నా. ఇల్లంతా ఒకటే కమురు కంపు."

ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్లగ్గు ఎక్కడుందో నాకు తెలుసు. అమ్మ మంచానికి తలవైపు, దోమతెరకి జానెడు దూరంలో. ఆవిడ మెలకువగా ఉంది కాబట్టి స్విచ్చి ఆపేసింది. నిద్రలో ఉండుంటే?

ఆ చార్జరు దసరాకి ఊరెళ్తూ నేనే కొన్నాను, హైదరాబాదులో మా రూము దగ్గర షాపులో. మూడు వందలు. కంపెనీ సైటులో అదే మోడలు పన్నెండు వందలు. దాని మీద ఏ కంపెనీ పేరుందో ఇక్కడ అనవసరం, ఎందుకంటే అది వాళ్ళు చేసింది కాదు. నలభై వేల ఫోను కొనడానికి నెల రోజులు రివ్యూలు చదివిన మహానుభావుణ్ణి, చార్జరు కొనడానికి నాలుగు నిమిషాలు ఆగలేదు. పైగా చదివింది ఈసీఈ. ఎస్సెమ్పీయెస్ మీద పదహారు మార్కుల ప్రశ్నకి బొమ్మ వేసి మరీ జవాబు రాశాను. ఆ డిగ్రీ ఎందుకు పనికొచ్చిందో మీరే చెప్పండి :)

తర్వాతి సారి ఊరెళ్ళినప్పుడు ఆ కాలిన చార్జరు తెచ్చుకుని విప్పి చూశాను. (మీరు మాత్రం ఇలాంటి పని చేయకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లో కాసేపు కరెంటు నిలవుంటుంది, గట్టిగానే కొడుతుంది.) లోపల ఫ్యూజు లేదు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టలో మామూలు ఎనామిల్ తీగ. బోర్డు మీద 230 వోల్టుల వైపుకీ, ఫోను వైపుకీ మధ్య ఉన్న ఖాళీ గోరు మందం.

ఆ ఖాళీకి అంత ప్రాధాన్యం ఎందుకో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. గోడ సాకెట్లో వచ్చే 230 వోల్టుల ఏసీ, చార్జరు లోపల డీసీగా మారేసరికి దాదాపు 325 వోల్టులవుతుంది. బయటికి రావాల్సింది 5 వోల్టులో, 9 వోల్టులో. ఈ రెంటికీ మధ్య తీగతో నేరుగా సంబంధం ఉండకూడదు. శక్తి ట్రాన్స్‌ఫార్మరు గుండా అయస్కాంత క్షేత్రంగా దాటాలి, ఫీడ్‌బ్యాకు ఆప్టోకప్లరు గుండా వెలుతురుగానో, ట్రాన్స్‌ఫార్మరులోనే ఇంకో చుట్ట ద్వారానో వెళ్ళాలి. బోర్డు మీద రెండు వైపులకీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. చుట్టలో మూడు పొరల ఇన్సులేషను ఉన్న తీగో, మధ్యలో సరిపడా టేపో ఉండాలి. ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులు, పైగా ఒక్కటి కూడా బయటికి కనపడదు. నకిలీ చేసేవాడు డబ్బులు మిగుల్చుకునేది సరిగ్గా అక్కడే. పైన డబ్బా, అచ్చు, లోగో అన్నీ శుభ్రంగా చేస్తాడు. మీకూ కరెంటుకీ మధ్య ఉండాల్సిన గోడని మాత్రం ఎగ్గొడతాడు.

ఇదేదో నా ఒక్కడి దురదృష్టం అనుకోకండి. కెన్ షిరిఫ్ అనే అమెరికన్ ఇంజనీరు 2014లో ఐప్యాడ్ అసలు చార్జరునీ, నకిలీనీ పక్కపక్కన పెట్టి విప్పి చూపించాడు. అసలు దాంట్లో ఆ ఎడం 5.6 మిల్లీమీటర్లు, నకిలీ దాంట్లో 0.6. బ్రిటన్ ట్రేడింగ్ స్టాండర్డ్స్ వాళ్ళు 2016లో రకరకాల దేశాల నుంచి ఆన్‌లైన్లో తెప్పించిన 400 నకిలీ యాపిల్ చార్జర్లని యూఎల్ సంస్థ చేత పరీక్ష చేయిస్తే, ఇన్సులేషను పరీక్షలో నెగ్గినవి మూడంటే మూడు. నూటికి కాదండీ, నాలుగు వందలకి మూడు!

సరే, మరి కొనేముందే ఎలా పట్టుకోవడం? నేను దెబ్బ తిన్నాక నేర్చుకున్నవి ఇవి.

1. ముందు లేబులు చదవండి. అచ్చుతప్పులూ, మసకబారిన అక్షరాలూ, గోరుతో గీకితే ఊడొచ్చే సిరా ఉంటే అక్కడే ఆగిపోండి. తర్వాత లెక్క వేయండి. వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. డబ్బా మీద పెద్దక్షరాల్లో 65 వాట్లని ఉండి, లేబులు మీద అవుట్‌పుట్ 5 వోల్టులు, 3 ఆంపియర్లు మాత్రమే ఉందనుకోండి, అది 15 వాట్ల చార్జరు. నిజమైన 20 వాట్ల పీడీ చార్జరు మీద 9 వోల్టులు, 2.22 ఆంపియర్లు అన్న వరుస కనిపిస్తుంది. దొంగవాళ్ళు లోగో కాపీ కొట్టినంత శ్రద్ధగా లెక్కలు కాపీ కొట్టరు, అదొక అదృష్టం.

2. బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ నంబరు. మన దేశంలో 2012లో మొదలైన తప్పనిసరి రిజిస్ట్రేషను పద్ధతి కిందికి చార్జర్లు కూడా వస్తాయి. ఐఎస్ 13252 అనో, కొత్తవాటి మీద 62368 అనో ప్రమాణం సంఖ్య ఉంటుంది. దాంతోపాటు 'ఆర్' అక్షరం, గీత, ఎనిమిది అంకెలు. ఇది అసలు లేకపోతే ఇంకేం ఆలోచించక్కర్లేదు. ఉంటే, బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరు కొట్టండి. ఎవరు తయారుచేశారు, ఏ వస్తువుకి, ఏ బ్రాండుకి ఇచ్చారు అన్నీ వస్తాయి. అక్కడ ఫోను కంపెనీ పేరు బదులు ఇంకేదో ఫ్యాక్టరీ పేరుంటే కంగారు పడకండి, చాలా కంపెనీలు చార్జర్లు బయట చేయిస్తాయి. బ్రాండూ, మోడలూ కలవాలి. నా మూడు వందల చార్జరు మీద ఉన్న నంబరు తర్వాత కొట్టి చూస్తే ఏదో ఎల్ఈడీ లైటుది వచ్చింది. రెండు నిమిషాల పని, కొనేముందు చేసుంటే సరిపోయేది.

ఇక్కడొక మెలిక ఉంది. అసలు చార్జరు మీది నంబరునే నకిలీ మీద అచ్చేస్తే యాప్ కూడా 'సరైనదే' అంటుంది. మన లెక్కల మాస్టార్ల భాషలో చెప్పాలంటే ఈ పరీక్ష అవసరం, కానీ అది ఒక్కటే చాలదు. నెగ్గకపోతే కచ్చితంగా దొంగ. నెగ్గితే దొర అని మాత్రం కాదు.

3. డబ్బా. ఎమ్మార్పీ, తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఫిర్యాదు నంబరు ఉండాలి. చట్టం ప్రకారం ఇవి తప్పనిసరి. పాలిథిన్ కవర్లోంచి తీసి ఇస్తూ "డబ్బాలో రాదన్నా, లూజ్ పీసు" అన్నాడంటే ఆ మాట చాలు.

4. వస్తువు చేతిలోకి తీసుకోండి. అతుకు దగ్గర సందు, లోపల ఏదో కదులుతున్న చప్పుడు, సాకెట్లో వదులుగా ఊగే పిన్నులు, వంకరగా ఉన్న యూఎస్‌బీ రంధ్రం, మరీ తేలిగ్గా ఉండటం. మీ దగ్గర అదే మోడలు అసలుది ఉంటే పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూడటం అన్నిటికంటే మంచిది.

5. షాపులోనే మీ ఫోనుకి పెట్టి చూడండి. ఫాస్ట్ చార్జింగు గుర్తు రావాలి. కొన్ని వందలకి దొరికే చిన్న యూఎస్‌బీ మీటరు ఉంటే వోల్టులూ ఆంపియర్లూ కూడా కనిపిస్తాయి. కానీ ఈ పరీక్షలన్నీ బయటికి వచ్చేదాని గురించే చెప్తాయి. లోపల గోడ ఉందో లేదో ఏ మీటరూ చెప్పదు. నా చార్జరు కూడా కొన్ని వారాలు బ్రహ్మాండంగా చార్జింగు చేసింది మరి!

6. బిల్లు అడగండి. జీఎస్టీ నంబరుతో, మోడలు పేరు రాసిన బిల్లు. ఇచ్చేవాడి ముఖం అప్పుడు చూడాలి. నా లెక్కలో అన్ని పరీక్షల్లోకీ ఇదే గొప్పది.

ఇంకో మాట, ఎందుకంటే దీని గురించి చాలామంది పొరబడతారు. చార్జింగులో ఉన్నప్పుడు లోహపు ఫోను ముట్టుకుంటే సన్నగా జిమ్మనిపించడం అసలు చార్జర్లతో కూడా ఉంటుంది. ఎర్తు పిన్ను లేని చార్జర్లలో వై కెపాసిటర్ అనే భాగం గుండా వచ్చే అతి చిన్న కరెంటు అది. జిమ్మంది కాబట్టి నకిలీ అనీ, అనలేదు కాబట్టి అసలుదనీ తేల్చకండి. ఝల్లుమని కొడితే మాత్రం అదే రోజు పారేయండి.

"ఇదంతా ఎందుకు, ఆన్‌లైన్లో కొంటే పోలా?" అంటారా. 2016లో యాపిల్ వాళ్ళు అమెరికాలో ఒక అమ్మకందారు మీద కేసు వేస్తూ, అమెజాన్లో తమ పేరుతో అమ్ముతున్న చార్జర్లూ కేబుళ్ళూ కొని చూస్తే దాదాపు 90 శాతం నకిలీవని కోర్టుకి చెప్పారు. మన దగ్గర 2025 మార్చిలో బీఐఎస్ అధికారులు పెద్ద ఈ-కామర్స్ గోడౌన్లలోనే సోదాలు చేసి, సర్టిఫికేషను లేని గీజర్లూ మిక్సర్లూ పట్టుకున్నారు. కాబట్టి సైటు పేరు కాదు, 'అమ్ముతున్నది ఎవరు' అన్న వరుస చూడాలి. కంపెనీ సొంత సైటో, సొంత స్టోరో అయితే సరి.

ఇప్పుడు నా అసలు గోడు. ఇన్ని పరీక్షలు కొనేవాడే ఎందుకు చేయాలి? మా అమ్మ ఆర్ నంబరు కొట్టి చూడాలా? 2020లో ఐఫోన్ 12తో యాపిల్, ఆ తర్వాత 2021లో ఎస్21తో శాంసంగ్ డబ్బాలోంచి చార్జరు తీసేశాయి. పర్యావరణం కోసమన్నారు. ఇంట్లో మంచి చార్జరున్న వాడికి నిజంగానే ఇబ్బంది లేదు. లేనివాడు ఎక్కడికెళ్తాడు? సందు చివరి షాపుకి. ఏమాటకామాటే, డబ్బాలో పెట్టకపోవడం తప్పని నేను అనను, కానీ పెట్టనప్పుడు అసలుది ప్రతి ఊళ్ళో, అందుబాటు ధరకి దొరికేలా చూడాల్సిన బాధ్యత వాళ్ళది కాదూ? మా ఊరి నుంచి ఆ కంపెనీ స్టోరుకి ముప్ఫై కిలోమీటర్లు.

మన తప్పు కూడా ఉంది. "మూడు వందలకి ఒరిజినల్ రాదు" అని మనకి తెలుసు. తెలిసే కొంటాం, తెలియనట్టు నటిస్తాం. పన్నెండు వందలు పెట్టలేని వాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి నేను చెప్పేది ఒకటే: చౌక వేరు, దొంగ వేరు. తన సొంత పేరుతో, సొంత ఆర్ నంబరుతో, ఐదారు వందలకి అమ్మే పీడీ చార్జరు, పెద్ద పేరు తగిలించుకున్న నకిలీ కంటే వెయ్యి రెట్లు నయం. పీడీలో ఫోనూ చార్జరూ మాట్లాడుకుని వోల్టేజి తేల్చుకుంటాయి, అంతవరకూ 5 వోల్టులే వస్తుంది. వాట్లు ఎక్కువైతే ఫోను పాడవుతుందన్న భయం అక్కర్లేదు. కొన్ని ఫోన్లు పరాయి చార్జరుతో కొంచెం నెమ్మదిగా చార్జవుతాయి, అంతే.

ఇంకొకటి, చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మనం కొత్తది కొన్నాక అనుమానంగా ఉన్న పాతది ఏం చేస్తాం? వాచ్‌మన్‌కి ఇస్తాం, పనమ్మాయికి ఇస్తాం, లేదా ఊరికి పంపిస్తాం. దానం చేసినట్టు ఫీలవుతాం. ఆ చార్జరు కింద పడుకునేది వాళ్ళ పిల్లలు. అలాంటిది ఇంట్లో ఉంటే పిన్నులు విరిచేసి ఈ-వేస్టులో పడేయండి, ఎవరికీ ఇవ్వకండి.

ఆ షాపుకి మళ్ళీ వెళ్ళాను. కాలిన చార్జరు కౌంటరు మీద పెట్టాను. కుర్రాడు ఏమాత్రం తడబడలేదు. "అన్నా, మీరు ఒరిజినల్ అడిగిన్రు, ఇచ్చిన. ఒరిజినల్ ఒరిజినల్ అడగలే కదా. అది పన్నెండొందలు" అన్నాడు. వాదించడానికి నా దగ్గర బిల్లు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోను చేస్తే వాళ్ళు మొదట అడిగింది కూడా అదే.

పన్నెండు వందలు పెట్టి కంపెనీ స్టోరులో కొని పంపాను. అమ్మ ధర విని, "అంత పెట్టి కొనాలా, మూడు వందల్లో రాదా?" అంది. వస్తుందమ్మా అన్నాను, వచ్చింది కూడా చూశావుగా అన్నాను. ఇప్పుడు ఆ ప్లగ్గు మంచం దగ్గర నుంచి హాల్లోకి మారింది. మీ ఇంట్లో, మీ అమ్మానాన్నల ఇంట్లో ఎక్కడుందో, దాని మీద ఏం రాసుందో ఈ ఆదివారం ఒక్కసారి చూడండి.