పెట్టె మూత క్రింది చేయి

సంపాదకులవారికి,

యుద్ధకాలపు హాలీవుడ్ సంగీత ప్రణయచిత్రములు కేవలము పలాయనసాధనములని మీ వ్యాసకర్త త్రోసివేయుట నాకు న్యాయముగా దోపలేదు. 1942లో బస్బీ బర్క్‌లీ దర్శకత్వమున వెలువడిన ‘ఫర్ మీ అండ్ మై గాల్’ చిత్రమున జీన్ కెల్లీ ధరించిన నర్తకుడు, సైన్యమునకు పిలుపు రాగా, న్యూయార్కు ప్యాలెస్ రంగస్థల మెక్కు భాగ్యము చేజారునను భీతిచే, పెట్టె మూతను తన చేతిపై తానే దభాలున వేసికొనును. అంతలో అతని ప్రియురాలైన జూడీ గార్లండు పాత్రకు, సోదరుడు యుద్ధమున మడిసెనని తంతి వచ్చును. ఆ చేతిగాయపు గుట్టు గ్రహించి ఆమె ప్రియుని విడిచిపోవును. ఇందు పలాయన మెక్కడిది? కథ మొదటి ప్రపంచయుద్ధమునాటిదే యైనను, చూచువారి బిడ్డలు రెండవదానికి ఓడలెక్కుచుండిరి. ముందస్తు ప్రదర్శనమున ప్రేక్షకులు కెల్లీ పాత్రను మెచ్చకపోగా, స్టూడియోవారు ముగింపును మరల చిత్రించి యాతనికి శౌర్య మంటగట్టిరి. ఆ యతుకు నాకిప్పటికిని రుచింపదు. పాటల విషయమున మాత్రము నేను పక్షపాతినే.

ఇట్లు,
ఒక పాఠకుడు