కార్న్‌వాలిస్ యార్క్‌టౌన్‌లోనే ఆగిపోలేదు

మళ్ళీ పొడుగ్గా రాస్తున్నామని విసుక్కోకండి.

జూలైలో మన సంఘం పిల్లలకు అమెరికా చరిత్ర మీద క్విజ్ పెట్టింది. మనలో సగం ఇళ్ళల్లో ఎవరో ఒకరు అక్కడే ఉన్నారు కాబట్టి తప్పనము. పిల్లలు గడగడా చెప్పారు: 13 వలసలు, 1773లో బోస్టన్ రేవులో టీ పారబోయడం, 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1781లో యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిస్ లొంగుబాటు, 1783 పారిస్ సంధి, 1787 రాజ్యాంగం. "ఆ కార్న్‌వాలిస్ తర్వాత ఎక్కడికి పోయాడు?" అని వెనక కుర్చీలోంచి అడిగితే హాలంతా నిశ్శబ్దం. నిర్వాహకులేమో "అది సిలబస్‌లో లేదు సార్" అన్నారు. ఆ మాట మీదే మా తగువు.

ఇక్కడికే వచ్చాడండీ! 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1791 ఫిబ్రవరిలో మద్రాసు వైపు నుంచి సైన్యంతో బయలుదేరి, చిత్తూరు దాటి మొగిలి కనుమ ఎక్కి, పలమనేరు, కోలారు, హొసకోటె మీదుగా మార్చి 5న బెంగుళూరు చేరాడు. హొసకోటె అంటే మన కాడుగోడికి పక్క ఊరే కదా. మార్చి 21న కోట పడింది. కిల్లేదారు బహదూర్ ఖాన్ కోట గోడ పగిలిన చోటే పోరాడి చచ్చిపోయాడు. మార్కెట్ దగ్గర ఆ గోడకు ఫలకం ఉంది, కూరగాయల సంచులతో దాన్ని దాటిపోతుంటాం. ఆ రోజుకు అక్కడ వాషింగ్టన్ అధ్యక్షుడై దాదాపు రెండేళ్ళు.

టీ సంగతీ అంతే. ఆ టీ చట్టం తెచ్చిందే ఈస్టిండియా కంపెనీని అప్పుల్లోంచి లేపడానికి. 1770 బెంగాల్ కరువులో లక్షలమంది పోయారు, కంపెనీ శిస్తు మాత్రం ఆగలేదు. పెన్సిల్వేనియాలో జాన్ డికిన్సన్ 1773లోనే ఆ కరువు గురించి రాసి, ఈ కంపెనీ మన మీదా పడుతుందని తనవాళ్ళను హెచ్చరించాడు. వాళ్ళకు తెలిసిన మన కరువు మన పిల్లలకు తెలియదు.

మాకెందుకింత పట్టింపు అంటారా? మేము కృష్ణగిరి వైపు తెలుగువాళ్ళం. 1792 శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు. 3 కోట్ల 30 లక్షల రూపాయలు కడతానన్నాడు, ఇద్దరు కొడుకుల్ని జామీనుగా పంపాడు. అప్పుడే మా బారామహల్ కంపెనీ చేతికి పోయింది. కెప్టెన్ రీడ్, అతని కింద థామస్ మన్రో వచ్చి పొలాలు కొలిచి శిస్తు కట్టారు. తమను అడగకుండా పన్ను వేయకూడదని 13 వలసలు కొట్లాడి గెలిచాయి. అక్కడ ఓడిన దొర ఇక్కడ గెలిచిన నేల మీద మా ముత్తాతల్ని ఎవరడిగారు? ఆనాడు మద్రాసులో కలిసిన మా సీమ 1956లోనూ మద్రాసు వైపే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నాము. తమిళం మీద కోపం లేదు, అది అన్నం పెట్టింది.

టిప్పు పేరెత్తితే గొడవలొస్తాయని ఒకాయన అన్నారు. టిప్పును పొగడమని ఎవరన్నారు? ఆ యుద్ధంలో హైదరాబాదు నిజాం సైన్యం కార్న్‌వాలిస్ పక్కనే ఉంది, అదీ చెబుదాం. అమెరికా రాజ్యాంగం సీట్ల లెక్కలో బానిసలను ఐదింట మూడు వంతులుగా కట్టిందన్నదీ క్విజ్‌లో లేదు. తియ్యగా ఉన్నంతే పిల్లలకు పెడితే ఎట్లా?

ఈ నెల చివరి ఆదివారం పొద్దున పిల్లల్ని కోటకు తీసుకుపోతున్నాము. మెట్రోలో మెజెస్టిక్, అక్కడ మారి మార్కెట్ స్టేషన్. టికెట్లు మావి. కమిటీవాళ్ళు వచ్చినా సంతోషమే, పేర్లు కింద రాయండి.