కెమెరా ఎవరి పక్షాన?

జేబులో కలం ఉన్న ప్రతివాడూ రచయిత కాడన్నది అందరికీ తెలిసిన సత్యం. కానీ జేబులో కెమెరా ఉన్న ప్రతివాడూ దర్శకుణ్ణే అనుకునే రోజులివి. సెల్‌ఫోన్ పుణ్యమా అని ఏ హాస్టల్ గది తలుపు తట్టినా ఒక దర్శకుడు బయటికొస్తున్నాడు. సంతోషమే! ఒకప్పుడు అంతర్ కళాశాల నాటిక పోటీల కోసం రాత్రిళ్లు రిహార్సల్స్ వేయించిన ఉత్సాహమే నేడు లఘు చిత్రాల రూపంలో కనబడుతోంది. ఆ ఉత్సాహాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. కథను సినిమాగా చెప్పడం ఒక విద్య అనీ, ఆ విద్యకు పది నిమిషాల చిత్రాన్ని మించిన బడి లేదనీ మాత్రమే నా మనవి.

మన చిత్రాలకు పట్టిన మొదటి జబ్బు ఏమిటంటే, లఘు చిత్రాన్ని ఫిలింనగర్‌కు తీసుకెళ్లే టికెట్టుగా చూడడం. అందుకే అందులో హీరో నెమ్మదిగా నడిచొస్తాడు. వెనక డప్పులు మోగుతాయి. డ్రోన్ కెమెరా ఆకాశంలోంచి కళాశాల భవనాన్ని చుట్టి వస్తుంది. సగం సినిమా దీనికే సరి! ఇక కథ ఎప్పుడు చెప్పేది? చిన్న కథ అంటే కుదించిన నవల కాదు. 1910లో గురజాడ ‘దిద్దుబాటు’ రాసినప్పుడు ఒక రాత్రి, ఒక ఇల్లు, ఒక భర్త, ఒక నౌకరు, ఒక ఉత్తరం – వీటితోనే ఓ కాపురాన్ని మన కళ్లముందు నిలబెట్టాడు. లఘు చిత్రమూ అంతే. దాని చిన్నతనమే దాని బలం.

1895లో ఫ్రాన్సులో లూయీ లూమియేర్ తీసిన ఒక చిత్రం నిమిషం కూడా ఉండదు. తోటమాలి గొట్టంతో మొక్కలకు నీళ్లు పడుతుంటాడు. వెనకనుంచి ఒక కుర్రాడొచ్చి గొట్టాన్ని తొక్కుతాడు. నీళ్లాగిపోతాయి. ఏమైందా అని మాలి గొట్టం మూతిలోకి చూస్తాడు. కుర్రాడు కాలు తీస్తాడు. మొహమంతా నీళ్లు! మాలి వాణ్ణి పట్టుకుని నాలుగు తగిలిస్తాడు. అంతే కథ. కెమెరా ఉన్న చోటునుంచి కదలలేదు. అయినా ఒక పని, దానికొక అడ్డంకి, దాని ఫలితం – మూడూ అందులో ఉన్నాయి.

ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తమీ 1970లో తీసిన తొలి చిత్రం ‘రొట్టె, సందు’ సుమారు పది నిమిషాలది. రొట్టె పట్టుకుని ఇంటికి పోతున్న పిల్లవాడికి సందులో కుక్క అడ్డం. ఒక ముసలాయన వెనకాల నక్కి దాటిపోదామనుకుంటాడు. ఆయనేమో మధ్యలోనే పక్కకు తిరిగిపోతాడు. చివరికి రొట్టెముక్క ఒకటి విసిరితే కుక్క స్నేహితుడైపోయి ఇంటిదాకా వెంట వస్తుంది. మాటలతో పనే పడదు. అయ్యా, అలాంటి సందు మన ఊళ్లో లేదా? అలాంటి కుక్క లేదా? అక్కడ నిలబడి చూసే కన్నే మనకు కరువైంది.

రెండో జబ్బు మాటలు. మన చిత్రాల్లో పాత్రలు ఆపకుండా మాట్లాడతాయి. కళ్లు మూసుకుని విన్నా కథ అర్థమైపోతే అది రేడియో నాటకం గానీ సినిమా ఎలా అవుతుంది? ఫీజు బకాయి వల్ల హాల్ టికెట్ రాని విద్యార్థి కథే తీసుకుందాం. “అమ్మా, ఫీజు కట్టందే హాల్ టికెట్ ఇవ్వరట” అని ఫోనులో ఏడిపిస్తే పని సులువు. అలా కాకుండా, ఆఫీసు కిటికీ ముందు వరుసలో అతణ్ణి నిలబెట్టండి. తన వంతు దగ్గరపడ్డ కొద్దీ వెనకవాళ్లకు దారి ఇస్తూ, వరుస చివరికి జరిగిపోతుంటాడు. ఒక్క మాట లేదు. కానీ చూసేవాడి గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఇప్పుడు కెమెరా ఎక్కడ పెడతారు? గుమాస్తా కుర్చీ వెనక పెడితే కిటికీలోంచి దూరే చేతులు మాత్రమే కనిపిస్తాయి. అన్నీ ఒకేలా ఉంటాయి. కుర్రాడి భుజం పక్కన పెడితే ఆ కిటికీ ఎంత ఎత్తుగా, ఎంత ఇరుకుగా ఉందో తెలుస్తుంది. దృశ్యం ఒకటే, సినిమాలు రెండు! కెమెరా ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న నిజానికి ఎవరి పక్షాన నిలబడాలన్న ప్రశ్న. దర్శకత్వమంటే “యాక్షన్”, “కట్” అని అరవడం కాదు, ఈ ప్రశ్నకు ప్రతి షాటులోనూ జవాబు చెప్పడం.

ఆ జవాబు సరైనదో కాదో తేలేది ఎడిటింగ్‌లో. రష్యాలో విప్లవానంతరం కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, మరోసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడు. ముఖం అదే. చూసినవాళ్లకు మాత్రం మొదట ఆకలి, తర్వాత దుఃఖం కనిపించాయట. ఆ రోజుల్లో అక్కడ ముడి ఫిల్ముకు కరువు. అందుకని ఆయన శిష్యులు ఫిల్ము లేకుండానే షాటు తర్వాత షాటు నటించి సాధన చేశారు. మన దేశంలోనూ ఫిల్ము రోజుల్లో 400 అడుగుల 16 ఎం.ఎం. రీలు తిరిగేది 11 నిమిషాలే. బటన్ నొక్కేముందు పదిసార్లు ఆలోచించేవారు. ఇవాళ ఫోనులో ఎంత తీసినా ఖర్చు లేదు. అందుకే ఆలోచనా లేదు! కాబట్టి హద్దు మనమే గీసుకోవాలి. మొదటి చిత్రానికి ఇరవై షాట్లు, మూడు రోజులు. మాటలు నిషిద్ధం.

“సినిమాల పిచ్చిలో పడితే చదువులు సాగినట్టే” అని కొందరు అధ్యాపకులు అనవచ్చు. వారి భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ తోటి మనిషి ముఖాన్ని శ్రద్ధగా చూడడం చదువు కాదా? కాంతి సంగతి ఫిజిక్స్ విద్యార్థీ, కథ సంగతి తెలుగు ఎం.ఏ. విద్యార్థీ, ఖర్చుల సంగతి కామర్స్ విద్యార్థీ చూసుకుంటూ ఒకచోట కూర్చునే పని కళాశాలలో ఇంకేముంది?

ఇక విద్యార్థి సంఘానికి నా విన్నపం. వార్షికోత్సవంలో వేదిక అలంకరణకు పెట్టే డబ్బులో కొంత తీసి, ఏటా నాలుగైదు పది నిమిషాల చిత్రాలకు ఇవ్వండి. ఎవరి చిత్రాన్ని ఎంతమంది ఫోనులో చూశారన్న లెక్క మీద బహుమతులివ్వకండి. సెమినార్ హాల్లో దీపాలార్పి, అందరం కలిసి చూద్దాం. తర్వాత తీసినవాణ్ణి నిలబెట్టి, ఆ షాటు ఎందుకలా పెట్టావని నిలదీద్దాం. నాలుగు చిత్రాల్లో రెండింటికైనా విద్యార్థినులే దర్శకులు కావాలి. లేడీస్ హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారన్నది కూడా ఒక కథే. దాన్ని లోపలినుంచి చూసినవాళ్లే తీయాలి.

మిత్రులారా! ఫిలింనగర్ ఎక్కడికీ పోదు. వెళ్లదలచినవారు తర్వాత వెళ్లవచ్చు. మన మెస్సు, మన బస్సు పాసు, మన బకాయిల వరుస – వీటిని మనం తీయకపోతే ఎవరొచ్చి తీస్తారు? కెమెరా చేతిలోనే ఉంది. ఎవరి పక్కన నిలబడతామో తేల్చుకోవడమే మిగిలింది.