చౌకకాలపు పట్టికలు

అమెరికాదేశమున పుట్టినదినపు కానుకలమ్ము అంగళ్లలో ఒకవిధమైన అట్టలు దొరకును. ఎవరు పుట్టిన సంవత్సరపు అట్ట వారికి. దానిమీద రొట్టె వెల యింత, పాల వెల యింత, పెట్రోలు గాలను ఇంత, క్రొత్తయిల్లు ఇంత యని మొదట ధరలుండును. పిదప ఆ యేటి మేటి చలనచిత్రము. ఆపిదప నాలుగైదు పంక్తులలో ఆ యేటి వార్తలు. ఇట్టి పట్టికలు ఇప్పుడు అట్టలను విడిచి చేతిఫోనులలోనికి ప్రాకినవి. ఆ దేశమునందున్న మనవారి మూలమున తెలుగు మాటలు తగిలించుకొని మా వద్దకును వచ్చినవి. మొన్న మాకందినది రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదపటి యేండ్లను గూర్చినది. రొట్టె 14 సెంట్లట! పెట్రోలు గాలను 27 సెంట్లట! ఉత్తరమునకు తపాలాబిళ్ల 3 సెంట్లట! కోకాకోలా సీసా 5 సెంట్లట! పట్టిక క్రింద ఎవరో "అవీ రోజులు!" అని నిట్టూర్చియుండిరి. ఆ క్రింద మఱి నలువదిమంది నిట్టూర్చిరి.

ఆ వెలలు అబద్ధములని మేము చెప్పము. అబద్ధము నిట్టూర్పులో నున్నది. మా వాదము దానితోనే.

వెల యనునది ఒంటిగా నిలువగల సంఖ్య కాదు. మన పెద్దలును రూపాయికి ఇన్ని మానికల బియ్యము వచ్చెడిదని చెప్పి మురిసిపోవుదురు. ఆ రూపాయి సంపాదించుటకు పాలేరు ఎన్నిదినములు నాగలి పట్టవలసివచ్చెనో చెప్పరు. చెప్పువారు సామాన్యముగా పాలేర్లు కారు గదా! అమెరికా పట్టికయు ఈ జాతిలోనిదే.

కోడిగ్రుడ్లనే తీసికొందము. 1948 లో ఆ దేశమున డజను గ్రుడ్ల వెల సుమారు 70 సెంట్లు. అప్పటి కేంద్రశాసనము నిర్ణయించిన కనీసపు కూలి గంటకు 40 సెంట్లు. అది 75 సెంట్లగుట 1950 జనవరిలో. కావున కనీసపు కూలివాడు డజను గ్రుడ్లకొఱకు గంటయు ముప్పాతిక పనిచేయవలసియుండెను. 2025 మార్చిలో గ్రుడ్ల వెల 6 డాలర్ల 23 సెంట్లకెక్కి దేశమంతయు గగ్గోలు పుట్టినది. అప్పుడు కేంద్రపు కనీస కూలి గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. అది 2009 లో నిర్ణయింపబడి పదునాఱేండ్లు కదలక నిలిచిన కూలి. దానిని మేము మెచ్చుకొనుట లేదు, అది సిగ్గుచేటే. అయినను, ఆ సిగ్గుచేటు కూలితో, ఆ గగ్గోలు వెలకు సయితము, గంటలోపలి పనికే డజను గ్రుడ్లు వచ్చినవి. మఱి ఏది చౌకకాలము?

ఇంకొకమాట. 1938 నాటి ఆ కూలి శాసనము పొలములో పనిచేయువారికిని, పరుల యిండ్లలో వండి వడ్డించువారికిని వర్తింపలేదు. దక్షిణ రాష్ట్రములలో ఈ రెండు పనులును ఎక్కువగా నల్లజాతివారివే. అనగా గ్రుడ్లు ఏఱి తెచ్చినవానికిని, వానిని వేయించి బల్లమీద పెట్టినదానికిని ఆ 40 సెంట్ల హామీ యైనను లేదు.

పట్టికలోని వెల రాతిమీద చెక్కినట్లు కదలక కనబడును. ఆ యేండ్ల వెలలు అట్లుండలేదు. యుద్ధకాలమున ధరలను అదుపులో నుంచిన ప్రభుత్వశాఖకు అధికారమిచ్చిన చట్టము 1946 జూన్ 30 వ తేదీతో గడువు తీఱిపోయెను. అధ్యక్షుడు ట్రూమను బలహీనమైన క్రొత్తచట్టమును నిరాకరించెను. జూలై చివర మఱియొక చట్టము వచ్చి మాంసమునకు తిరిగి గరిష్ఠ వెల కట్టగా, పశువుల యజమానులు తమ పశువులను సంతకు తోలుట మానిరి. కసాయి దుకాణముల కొక్కెములు వట్టివై వ్రేలాడినవి. అక్టోబరు నెలలో ట్రూమను ఓడిపోయి మాంసముపై నియంత్రణ ఎత్తివేసెను. నవంబరులో ఆయన కక్షి రెండు సభలలోను ఓడిపోయెను. 1946 సగటుకంటె 1947 సగటు ధరలు నూటికి పదునాలుగు వంతులు హెచ్చినవి. ఆ 1946 లోనే నలువదియాఱు లక్షల శ్రామికులు సమ్మెకట్టిరి. న్యూయార్కు నగరమున 1904 నుండి 5 సెంట్లుగా నున్న భూగర్భ రైలు టిక్కెట్టు 1948 జూలై 1 న ఒక్కసారిగా 10 సెంట్లయ్యెను. మనము ఏ దినములకొఱకు నిట్టూర్చుచున్నామో ఆ దినములలో బజారుకు పోయిన గృహిణి యుద్ధమునకు పూర్వపు వెలలను తలచుకొని నిట్టూర్చుచుండెను. ఆమెను అడిగి చూచినచో ఈ అట్టను చింపివైచియుండును.

ఇక ఇంటి మాట. ఇచ్చట ప్రతిపక్షుల వాదమున నిజమున్నదని మేము ఒప్పుకొందుము. న్యూయార్కు చేరువ లాంగ్ ఐలెండులో బంగాళదుంపల చేలమీద 1947 లో ఆరంభింపబడిన లెవిట్టౌనున 1949 లో క్రొత్తయిల్లు 7,990 డాలర్లకు అమ్మిరి. ఆ కాలపు నడిమితరగతి కుటుంబమునకు ఏడాది రాబడి సుమారు 3,000 డాలర్లు. మూడేండ్ల రాబడికి తక్కువలో తోటతో కూడిన యిల్లు! యుద్ధమునుండి వచ్చిన సైనికునకు ముందుసొమ్ము సయితము లేకుండ! నేడు ఆ దేశపు యువకులు ఇది విని కండ్లనీరు పెట్టుకొన్నచో వారిని మేము తప్పుపట్టము.

అయితే అది ఎట్లు చౌకయైనది? అప్పులకు ప్రభుత్వము పూచీపడినది. వ్యవసాయము గాక యితర పనులు చేయు శ్రామికులలో సుమారు మూడవవంతు సంఘములలో చేరి కూలి హెచ్చించుకొనిరి. అత్యధిక సంపన్నుల రాబడిలో పైమెట్టుమీద నూటికి ఎనుబది వంతులకు మించి పన్ను పడెడిది. పట్టికలు పంచిపెట్టు మహాశయులలో ఆ పన్నుకొఱకు నిట్టూర్చినవానిని మేము ఇంతవఱకు చూడలేదు.

ఆ యిల్లు ఎవరికి చౌక యన్నది అంతకంటె పెద్దప్రశ్న. లెవిట్టౌను తొలియద్దె పత్రములలో, తెల్లజాతివారు తప్ప మఱియెవ్వరును ఆ యింట కాపురముండరాదని నిబంధన యుండెను. దాని వెంటనే ఒక మినహాయింపు: తెల్లవారు కాని పనిమనుషులను పెట్టుకొనవచ్చునట! ఆ యింట అంట్లు తోముటకు తగినవారు ఆ యింట నిద్రించుటకు తగరు. మాలపల్లెను ఊరికి దూరముగా నిలిపి, పొలము పనికి మాత్రము అచ్చటివారినే పిలిచిన దేశమువారమగు మనకు ఈ నిబంధనను తాత్పర్యము చెప్పి బోధింపనక్కఱలేదు. ఇట్టి ఒప్పందములను న్యాయస్థానములు అమలుజరుపరాదని 1948 మే 3 వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. పత్రమునుండి పంక్తి తొలగినది. అమ్మువారి పద్ధతి తొలగలేదు.

సైనికుల చట్టము కథయు అదియే. తెల్ల సైనికుడును నల్ల సైనికుడును ఒక్క యుద్ధములోనే పోరాడిరి. 1944 నాటి చట్టము వారికి భేదము చెప్పలేదు. కాని అప్పు ఇచ్చుట ఊరి బ్యాంకు చేతిలో నుండెను. 1947 లో మిసిసిపి రాష్ట్రపు పదుమూడు పట్టణములలో ఆ చట్టము క్రింద ఇండ్లకును, వ్యాపారములకును, పొలములకును ఇచ్చిన అప్పులు 3,229. అందులో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు. పాఠకులు ఈ సంఖ్యను మఱియొకసారి చదువవలెను. రెండు వందలు కాదు, రెండు.

ఇండ్లున్నవారి యిండ్లైనను ఎట్టివి? 1950 జనాభాలెక్కల ప్రకారము ఆ దేశమున మూడవవంతుకు మించిన యిండ్లలో వేడినీరు, స్నానపుతొట్టి, మరుగుదొడ్డి మూడును కలిసి లేవు. అట్టమీది బొమ్మలో ఎఱ్ఱని కారు నిలిపిన యిల్లు ఈ మూడవవంతులోనిది కాదని వేఱుగ చెప్పవలయునా?

వినోదముల మాటకు వత్తము. 1946 లో అమెరికా సినిమాహాళ్లకు వారమునకు తొమ్మిదికోట్ల టిక్కెట్లు తెగినవని లెక్క; అంతకుముందును ఆ తరువాతను అట్టి సంవత్సరము లేదందురు. ఆ యేటి మేటి చిత్రమని అట్టలు చెప్పునది 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్'. పేరు చూచి అది ఆనందకాలపు చిత్రమని అట్టలవారు తలంతురు కాబోలు! యుద్ధమునుండి తిరిగివచ్చిన ముగ్గురు సైనికులకు ఇల్లు ఇల్లుగా తోపక, పనిదొరకక, మనసు కుదురక పడిన బాధ దాని కథ. అందులో రెండు చేతులు లేని నావికుని పాత్ర ధరించిన హారల్డ్ రస్సెల్ యుద్ధకాలపు సైనికశిక్షణలో నిజముగా రెండు చేతులు పోగొట్టుకొన్నవాడు. ఆ కాలపువారు తమ కాలమును ఎట్లు చూచుకొనిరో ఆ చిత్రము చూచినవారికి తెలియును.

ఆ హాళ్లలోనికి అందఱును ఒకే ద్వారమున పోలేదు. దక్షిణమున నల్లవారికి పై అంతస్తు వేఱు. 1947 లో మెంఫిసు నగరపు సెన్సారు 'కర్లీ' యను పిల్లల చిత్రమును నిషేధించెను. అందులో నల్లపిల్లలును తెల్లపిల్లలును ఒకే బడిలో కూర్చుండుటయే దాని నేరము. రేడియోలో దేశమును నవ్వించిన 'ఏమస్ ఎండ్ ఆండీ'లో నల్లవారివలె మాటలాడిన నాయకులిద్దఱును తెల్లవారే. టెలివిజను సంగతి క్లుప్తముగా చెప్పిన చాలును: 1946 లో ఆర్‌.సి.ఎ. వారి పెట్టె వెల 375 డాలర్లు, అనగా నడిమితరగతి కుటుంబపు నెలన్నర రాబడి. దీనిని మాత్రము చౌకపట్టికలో ఎవరును వేయరు.

కడపటిది వార్తలు. 1946 అట్టలో అధ్యక్షుని పేరు, గెలిచిన ఆటజట్టు పేరు ఉండును. ఐజాక్ వుడర్డు పేరుండదు. ఆ ఫిబ్రవరి 12 వ తేదీన సైన్యమునుండి గౌరవముతో విడుదలయై, ఒంటిమీది సైనికదుస్తులు విప్పకయే, బస్సులో ఇంటికి పోవుచున్న ఈ నల్లజాతి సార్జంటు, దారిలో కాలకృత్యములకు బస్సు నిలుపుమని అడిగినందున డ్రైవరుతో మాటామాటా వచ్చినది. దక్షిణ కారొలీనాలోని బేట్స్‌బర్గులో పోలీసులు ఆయనను దింపి కొట్టిరి. రెండు కన్నులును శాశ్వతముగా పోయినవి. ఆ వేసవిలో ఆర్సన్ వెల్స్ ఈ సంగతిని రేడియోలో చాటిచెప్పెను. నవంబరులో విచారణ జరుగగా తెల్లవారే కూర్చున్న జూరీ ఆ పోలీసు అధికారిని నిర్దోషియనెను. ఈ కథ విని కలతచెందిన ట్రూమను 1948 జూలై 26 న సైన్యములో వర్ణభేదము కూడదని ఆజ్ఞ యిచ్చెను. ఇది వార్త కానిచో మఱియేది వార్త?

మనవాని మాటయు ఒకటి కలదు. భీమవరమున 1895 లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923 లో బోస్టను చేరిరి. హిందూదేశస్థులు తెల్లవారు కారు గనుక ఆ దేశపు పౌరులు కాజాలరని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది ఆ సంవత్సరమే. ఆ తలుపు 1946 జూలైలో కొంచెము తెఱచుకొనెను. హిందూదేశమంతటినుండి ఏడాదికి నూర్గురు రావచ్చుననిరి. ఈలోగా సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధకులకు నాయకులై ఫోలిక్ ఆమ్లమును, అమినాప్టెరిను మందును వెలువరింపించిరి. రక్తపు క్యాన్సరుతో మరణించుచున్న పసిపిల్లలకు ఆ మందుతో కొంతకాలము ఊపిరి నిలిచెనని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు 1948 లో ప్రకటించెను. ఆ యేటనే ఆగస్టులో సుబ్బారావుగారు, ఆ దేశపు పౌరులు కాకయే, పోయిరి. ఆ యేండ్ల పట్టికను తెలుగు చేసి పంపిన పుణ్యాత్మునకు రొట్టె వెల దొరకినది. ఈయన పేరు దొరకలేదు. పసిపిల్లల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము: 1949 లో ఆ దేశమున పోలియో నలువదిరెండు వేలమందికి పైగా సోకెను. వేసవి వచ్చినచో తల్లులు పిల్లలను ఈతకొలనుకు గాని సినిమాకు గాని పంపుటకు వెఱచెడివారు. టీకా జయప్రదమని ప్రకటించుట 1955 ఏప్రిల్ 12 వఱకు జరుగలేదు.

"మీరు ఒక గొప్పతరమును నిందించుచున్నారు" అని మామీద కోపగింపవచ్చును. ఆ తరమున మేము గౌరవించువారు కలరు. 1947 ఏప్రిల్‌లో బ్రూక్లిను జట్టున ఆడుటకు దిగి తిట్లను మౌనముగా సహించిన జాకీ రాబిన్సను, ఇంటిపత్రములలోని నిబంధనపై న్యాయస్థానమునకెక్కిన సెయింట్ లూయీ కుటుంబము, కూలికొఱకు చలిలో సమ్మెకట్టిన ఉక్కు కార్మికులు. వీరిలో ఒక్కరును "ఆహా, ఎంత చౌకకాలమున పుట్టితిమి" అని కూర్చుండలేదు.

పట్టికలు మానుడని మేము కోరము. సంఖ్యలు మాకును ప్రియములే. గ్రుడ్ల వెల ప్రక్కన ఆ యేటి గంటకూలిని వేయుడు. ఆ కూలి ఎవరికి లేదో వేయుడు. ఇంటి వెల క్రింద అద్దెపత్రములోని ఆ పంక్తిని, దాని వెంటనున్న పనిమనుషుల మినహాయింపుతో సహా వేయుడు. వార్తలలో వుడర్డు పేరు వేయుడు. చోటు చాలదందురా? మా మిత్రులొకరు చూపిన అట్టను త్రిప్పి చూచితిమి. వెనుకప్రక్క అంతయు ఖాళీగానే యున్నది.