గోలు కొట్టనివాడి పేరు

ప్రతి ఏడూ ఈ సావనీర్ చేతికి రాగానే నేను ముందుగా తిరగేసేది ఆటల పేజీలే. ఫుట్‌బాల్ కింద ఎప్పుడూ ఒకటే వరస. మన జట్టు ఫలానా కాలేజీ మీద రెండు గోల్స్ తేడాతో నెగ్గింది, గోల్స్ చేసినవారు ఫలానా, ఫలానా. అక్కడితో సరి. అవతలివాళ్ళు ఒక్క గోలైనా ఎందుకు చెయ్యలేకపోయారన్నది ఒక్క ముక్క ఉండదు. నేను వెనక నిలబడి ఆడేవాణ్ణి కనక ఉక్రోషంతో రాస్తున్నాననుకుంటారేమో! అందులో కొంత నిజం లేకపోలేదు. కాని మిత్రులారా, ఈ బాధ నా ఒక్కడిదీ కాదు.

మాది అరకు లోయ. నాన్న మడిలో వరి, మెట్టలో చోళ్ళు వేస్తాడు. వాలులో కాస్త కాఫీ తోట, సిల్వర్ ఓక్ చెట్లకు మిరియం పాదులు. వరికోతలయ్యాక ఆరిన మడే మా కుర్రాళ్ళకు మైదానం. బూట్లు లేవు, మోళ్ళు గుచ్చుకుంటుంటే ఆడేవాళ్ళం. నేను ఎక్కడ నిలబడి ఆడతానో ఓసారి నాన్నకి వివరించి చెప్పాను. అంతా విని, "అంటే కావిలి కాస్తావన్నమాట" అన్నాడు. ఫుట్‌బాల్ తెలియని మనిషికి ఆ ముక్క వెంటనే అర్థమైంది. అడివిపంది ఒక్క రాత్రి చేలో పడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు మరి.

మనవాడే, సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ పేరు మనలో ఎందరికి తెలుసు? హైదరాబాదు మనిషి, డిఫెండర్. రహీంగారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. అజీజుద్దీన్ ఆ కాలపు ఆటగాడు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో ఉన్నాడు. ఆ జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్‌తో ఓడిపోయారు. మనదేశంలో బూట్లు తప్పనిసరి చేసింది ఆ దెబ్బ తర్వాతే.

పది గోల్స్ తిన్న జట్టులో వెనక ఆడేవాడికి మళ్ళీ పిలుపు వస్తుందా? వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లోనూ అజీజుద్దీన్ ఉన్నాడు. ఆస్ట్రేలియాను మనవాళ్ళు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్, కిట్టూ ఒకటి. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1తో, మూడో స్థానం కోసం ఆడినప్పుడు బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్లో మనదేశం అంతకంటే పైకి పోలేదు. 1960 తర్వాత అసలు ఆ పోటీలకే వెళ్ళలేదు. డిసౌజా మూడు గోల్స్ సంగతి క్విజ్ పోటీల్లో అడుగుతారు. 2024లో రహీంగారి కథతో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది, సంతోషమే. అజీజుద్దీన్ మాత్రం పేర్ల జాబితాలోనే ఉండిపోయాడు.

అదే మెల్‌బోర్న్‌లో ఒక రష్యన్ డిఫెండర్ కథ కూడా జరిగింది. అతని పేరు నికొలాయ్ తీషెంకో, మాస్కో స్పార్టక్ క్లబ్బువాడు. బల్గేరియాతో సెమీఫైనల్లో అతనికి మెడ కింది ఎముక విరిగింది. ఆ రోజుల్లో ఒకడి బదులు ఇంకొకణ్ణి దింపే వీల్లేదు. కట్టు కట్టించుకుని మళ్ళీ మైదానంలోకి వచ్చి ఆడాడు. అదనపు సమయంలో సోవియట్ జట్టు 2-1తో నెగ్గింది. గోల్స్ స్త్రెల్త్సోవ్, తతూషిన్‌లవి. ఆ గాయంతో తీషెంకో ఫైనల్ ఆడలేకపోయాడు. బంగారు పతకాలేమో ఫైనల్లో దిగిన పదకొండుమందికే ఇచ్చారు! ఏ దేశమైతేనేం, లెక్క రాసే పద్ధతి ఒకటే.

నేను సైన్సు విద్యార్థిని. జరిగినదాన్ని కొలవడం సులువనీ, జరగకుండా ఆపినదాన్ని కొలవడం కష్టమనీ నాకూ తెలుసు. అయితే కొలవడం కష్టమని ఉన్నదాన్ని లేదనెయ్యడం ఏ సైన్సు?

నాతో మా మడిలో ఆడిన మిత్రుడొకడున్నాడు. వాడిని దాటి బంతి పోవడం మా చుట్టుపక్కల ఊళ్ళలో గగనం. స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందని ఒకచోట సెలక్షన్‌కి వెళ్ళాడు. "గోల్స్ ఎన్ని చేశావయ్యా?" అన్నారట. "చెయ్యలేదు సార్, ఆపేను" అన్నాడట. నవ్వేరట. వాడి సర్టిఫికెట్లన్నిటిలోనూ 'పాల్గొన్నాడు' అన్న ఒక్క మాటే ఉంది. ఎన్ని మాచ్‌లు ఆడాడో, ఎక్కడ నిలబడి ఆడాడో ఏదీ లేదు. వాడిప్పుడు వాళ్ళ నాన్నతో కాఫీ పళ్ళు కోస్తున్నాడు. అది తక్కువ పనని నేననను, నేనూ ఆ ఇంటి బిడ్డనే. కాని చదువుకుంటానని కొండ దిగిన కుర్రాడు కాగితంలో ఒక వాక్యం లేక వెనక్కి పోవడం న్యాయం కాదు కదా!

గోలు లేనిదే గెలుపెక్కడిదని మీరడగవచ్చు. ఒప్పుకుంటాను. డిసౌజా లేకపోతే ఆ నాలుగో స్థానమూ లేదు. అతని పేరు చెరపమని నేననడం లేదు, పక్కన మిగతా పదిమందివీ రాయమంటున్నాను.

విద్యార్థి సంఘానికి నా విన్నపం రెండే ముక్కలు. వచ్చే ఏటి సావనీర్‌లో ప్రతి మాచ్‌కీ పదకొండుమంది పేర్లూ, ఎవరు ఎక్కడ ఆడారో కూడా వెయ్యండి. మన కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆడిన మాచ్‌లెన్నో, వాటిలో జట్టు ఎన్ని గోల్స్ ఇచ్చిందో రాయించండి. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు, నాలుగు వరసల సిరా చాలు.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆ పేజీ నాన్నకి చూపిస్తాను. నా మిత్రుడికీ చూపిస్తాను.