ఫైలులో ఆమె ఎవరు?

1998 వేసవిలో ఒక మధ్యాహ్నం ఎల్‌బీ నగర్‌లో మేము కూర్చునే చిన్న గదికి ఒక అవ్వ వచ్చింది. పక్కన మనవరాలు, చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచి నిండా కాగితాలు. మా దగ్గరికి కాగితాలు పట్టుకొని వచ్చే ఆడవాళ్లు మామూలుగా మనోవర్తి గురించో, ఇంటి పట్టా గురించో వస్తారు. ఈమె పింఛను గురించి వచ్చానంది. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను.

"రావడం లేదా అవ్వా?" అని అడిగాను.

"నెల నెల వస్తనే ఉన్నది బిడ్డా. అది ఆయనది. నాది రాయించాలె" అంది.

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. మనవరాలు విడమరిచి చెప్పింది. వాళ్లది సూర్యాపేట వైపు ఊరు. తాత తెలంగాణ సాయుధ పోరాటంలో దళంలో పనిచేశాడు, జైలుకు పోయాడు. 1980ల చివర ఆయనకు పింఛను మంజూరైంది. ఆయన పోయాక అది అవ్వ పేరు మీదికి మారింది. ఫైలులో ఆమె గురించి ఉన్నది ఇంతే: పేరు, వయసు, భార్య, గృహిణి. తర్వాత ఎవరో 'భార్య'ను కొట్టేసి 'వితంతువు' అని రాశారు.

అవ్వ చెప్పిన సంగతులు ఆ ఫైలులో లేవు. పదహారేళ్ల వయసులో, అంటే 1947లో, ఆమె చీటీలు మోసింది. గడ్డిమోపులో తూటాలు పెట్టుకొని రజాకార్ల క్యాంపు ముందు నుంచే నడిచింది. తర్వాత ఇల్లు విడిచి దళంలోకి పోయింది, తుపాకీ పట్టడం నేర్చుకుంది, గాయపడ్డవాళ్లకు కట్లు కట్టింది. పెళ్లి ఆ తర్వాతి మాట. "ఆయన నాకంటె ఆరు నెలలు ఎనుక వచ్చిండు" అని నవ్వింది.

ఎల్‌బీ నగర్ గురించి తెలియని పాఠకులకు ఒక మాట చెప్పాలి. విజయవాడ రోడ్డు హైదరాబాదులోకి వచ్చేది ఇక్కడే. ఆ రోడ్డు వెంట ఉన్న నల్లగొండ జిల్లా ఊళ్ల నుంచి చదువులకు, ఉద్యోగాలకు వచ్చినవాళ్లు దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా స్థిరపడ్డారు. వాళ్ల వెనుకే వాళ్ల తల్లులూ వచ్చారు. పోరాటం జరిగిన ఊళ్లలో పుట్టి, కొడుకుల ఇళ్లలో, కాలనీల వెనుక గదుల్లో కాలం వెళ్లబుచ్చిన ఆ తరం స్త్రీలు ఇక్కడ చాలామంది ఉండేవాళ్లు. 'జై జవాన్ జై కిసాన్' అన్న లాల్ బహదూర్ పేరు పెట్టుకున్న పేట ఇది. కిసాన్ ఇంట్లో పుట్టి తుపాకీ పట్టిన ఆడవాళ్లు ఆ నినాదంలో ఎటువైపు వస్తారో నేను ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను.

సరే, ఆమె ఫైలును సరిచేయించాలని బయలుదేరాం. అప్పుడే ఆ పథకం నిబంధనలు వరస పెట్టి చదివాను.

స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం సమరయోధుల పింఛను మొదలుపెట్టింది. అప్పుడు నెలకు 200 రూపాయలు. ఏడాదికి 5000 మించి ఆదాయం ఉన్నవాళ్లకు లేదు. 1980 ఆగస్టులో ఆదాయ పరిమితి ఎత్తేసి, 300 చేసి, 'స్వతంత్రతా సైనిక సమ్మాన్' అని పేరు పెట్టారు. పేరులో సైనికుడూ ఉన్నాడు, సన్మానమూ ఉంది. అర్హత కావాలంటే ఆరు నెలల జైలు చూపాలి. స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి మూడు నెలలు చాలు. ఈ సడలింపు చూసి మొదట సంతోషించాను. కానీ మూడు నెలలైనా ఆరు నెలలైనా చూపాల్సింది రిజిస్టరే కదా. ఊరి బయట క్యాంపులో రెండు రాత్రులు ఉంచి, కొట్టి, నోటితో చెప్పరాని పనులు చేసి పంపేసిన ఆడమనిషి పేరు ఏ జైలు రిజిస్టరులో ఉంటుంది?

జైలు లేకపోతే అజ్ఞాతవాసం చూపవచ్చు. అదీ ఆరు నెలలకు మించి ఉండాలి. దానికీ రుజువు కావాలి. ప్రకటిత నేరస్థురాలై ఉండాలి, లేదా తల మీద వెల ఉండాలి, లేదా జారీ అయి అమలు కాని నిర్బంధ ఉత్తర్వు ఉండాలి. అంటే ఏ ప్రభుత్వం మీద పోరాడిందో ఆ ప్రభుత్వ పోలీసే ఆమెను గుర్తించి రాసి ఉండాలి! మల్లు స్వరాజ్యం తల మీద పదివేల రూపాయల వెల పెట్టారు కాబట్టి ఆమె విషయంలో ఎవరికీ అనుమానం రాదు. ఆమెకు అన్నం పెట్టి, ఆమె చీటీ పక్క ఊరికి చేర్చి, పోలీసు అడిగితే "నాకేం ఎరుక" అని చెప్పి దెబ్బలు తిన్న మనిషి తలకు ఎవరూ వెల కట్టలేదు. పోలీసుకు అనుమానం రాకపోవడమే ఆమె పనితనం. ఆ పనితనమే యాభై ఏళ్ల తర్వాత ఆమెకు అనర్హత అయింది.

1985లో హైదరాబాదు సంస్థాన విమోచన పోరాటంలో భాగంగా సరిహద్దు క్యాంపులలో ఉన్నవాళ్లను కూడా ఈ పథకంలో చేర్చారు. మంచిదే. అయితే ఆ క్యాంపులు సంస్థానం పొలిమేర అవతల ఉండేవి. అక్కడికి పోయినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. పిల్లలతో, పశువులతో, ముసలివాళ్లతో ఊళ్లోనే ఉండిపోయి రజాకార్లను ఎదుర్కొన్నది ఆడవాళ్లు. దాటిపోయినవాళ్లకు జాబితా ఉంది, ఉండిపోయినవాళ్లకు లేదు.

ఇంకొక చిక్కు తేదీలతో వచ్చింది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా సాగింది. ఆ రోజుకు ముందు చేసింది దేశసేవ, ఆ రోజు తర్వాత చేసింది రాజద్రోహం. అవ్వ దళంలో ఉన్న కాలం ఈ గీతకు ఇటూ అటూ పడింది. ఏ నెల ఎటు పడుతుందో చెప్పమని అడిగితే ఆమె "జొన్న కోతలప్పుడు" అంది, "మా చెల్లె పెద్దమనిషి అయినప్పుడు" అంది. ఫారంలో అలాంటి గడి లేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఆమె పేరు. పుట్టింటి ఇంటిపేరుతో ఒక పేరు, దళంలో పెట్టిన మారుపేరు ఒకటి, పెళ్లయ్యాక అత్తింటి ఇంటిపేరుతో మరొకటి. మగవాడికి కూడా మారుపేరు ఉంటుంది, కానీ బయటికి వచ్చాక తన పాత పేరుకే తిరిగి వస్తాడు. ఆమెకు తిరిగి వెళ్లడానికి పాత పేరు లేదు. నిజాం కాలపు పోలీసు కాగితాలు ఉర్దూలో ఉండేవి. ఒక పాత రికార్డుల గదిలో ఉర్దూ చదవగల మిత్రురాలితో కూర్చొని రెండు రోజులు వెతికాం. ఆమె మారుపేరుకు దగ్గరగా ఉన్న పేరు ఒకటి దొరికింది. పక్కన తండ్రి పేరు లేదు, ఊరు లేదు, 'ఔరత్' అని ఉంది.

రికార్డులు లేనప్పుడు దీర్ఘకాలం జైలులో ఉన్న ప్రముఖ సమరయోధులు స్వయంగా తెలిసినట్టు ధ్రువపత్రం ఇవ్వవచ్చు. ఆ అర్హత ఉన్నవాళ్లు ఆమె ప్రాంతంలో ఇద్దరు మిగిలారు. ఇద్దరూ మగవాళ్లే. ఒకాయన చాలా ఆప్యాయంగా మాట్లాడి, "వదిన మాకు ఎన్నోసార్లు బువ్వ పెట్టింది" అని రాసి ఇచ్చాడు. అబద్ధం రాయలేదు, పాపం. ఆయనకు గుర్తున్నది బువ్వే. మన ఉద్యమాలు కూడా దీనికి అతీతం కావని ఒప్పుకోక తప్పదు. పోరాట విరమణ తర్వాత స్త్రీలను ఇళ్లకు పొమ్మన్నారని, తాము పోగొట్టుకున్నదాని గురించి ఎవరూ అడగలేదని ఆ తరం స్త్రీలే చెప్పారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ గొంతులు ఉన్నాయి. ఆ పుస్తకం ప్రతి ఒకటి మా దరఖాస్తుకు జత చేయబోతే, అచ్చయిన కథలు ఆధారం కావని బల్ల అవతలి నుంచి జవాబు వచ్చింది.

దొంగ సమరయోధులు లేరా అంటే ఉన్నారు. పాత హైదరాబాదు సంస్థానంలోనిదే అయిన బీడ్ జిల్లాలో బయటపడ్డ బోగస్ పింఛన్ల వ్యవహారం 2005లో సుప్రీంకోర్టు దాకా పోయింది. తనిఖీ వద్దని నేను అనను. కానీ దొంగ కాగితం పుట్టించడానికి కూడా పలుకుబడి కావాలి, దస్తావేజులు రాసేవాళ్లు తెలిసుండాలి, ఖర్చు పెట్టాలి. మా అవ్వ లాంటివాళ్లకు నిజం కాగితమే పుట్టలేదు. మోసం అరికట్టడానికి బిగించిన తలుపు మోసగాళ్లకంటే ముందు వీళ్ల ముఖం మీద మూతపడింది.

న్యాయస్థానం ఈ విషయంలో కార్యాలయాలకంటే ఉదారంగానే మాట్లాడింది. ఆలస్యంగా దరఖాస్తు పెట్టారన్న కారణంతో సమరయోధులను తిప్పిపంపడం తగదని 1993లో ముకుంద్‌లాల్ భండారీ కేసులో చెప్పింది. క్రిమినల్ కేసులో అడిగినంత గట్టి రుజువు ఇక్కడ అడగకూడదని, జరిగి ఉండే అవకాశం ఎంతో చూసి తేల్చాలని 2001లో గురుదయాళ్ సింగ్ కేసులో చెప్పింది. అవ్వ దరఖాస్తును తిప్పికొడుతూ వచ్చిన ఉత్తరం మాత్రం రెండు వాక్యాలే: తగిన ఆధారాలు జతపరచలేదు, దరఖాస్తుదారు ఇప్పటికే కుటుంబ పింఛను పొందుచున్నారు. ఆ రెండో వాక్యం ఆమెకు చదివి వినిపించడానికి నాకు సిగ్గేసింది. ఆమె అడిగింది డబ్బు కాదు.

అవ్వ 2003లో పోయింది. ఫైలు అలాగే ఉంది.

ఇన్నేళ్ల తర్వాత దీని గురించి ఎందుకు రాస్తున్నానంటే, 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఒక తీర్పు నన్ను మళ్లీ ఆ ప్లాస్టిక్ సంచి దగ్గరికి తీసుకుపోయింది. సెలీనా జాన్ సైనిక నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంట్. పెళ్లి చేసుకుందని 1988లో ఆమెను సర్వీసు నుంచి తీసేశారు. అందుకు ఆధారమైన 1977 నాటి నిబంధనను 1995లో రద్దు చేశారు గానీ, ఆమె మీద పడ్డ వేటు అలాగే ఉంది. చివరికి ఆ తొలగింపు చట్టవిరుద్ధమని, 60 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముప్పై ఆరేళ్లు పట్టింది. ఒకామెకు పెళ్లి వల్ల కొలువు పోయింది. మా అవ్వకు కొలువు పోయి, రికార్డులో పెళ్లి మాత్రం మిగిలింది.

వేరే దేశాల్లోనూ ఇదే తంతు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వాయుసేన కోసం వెయ్యిమందికి పైగా స్త్రీలు విమానాలు నడిపారు. 38 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లను పౌర ఉద్యోగులుగా లెక్కగట్టి, 1944 డిసెంబరులో ఇళ్లకు పంపేశారు. మాజీ సైనికులుగా గుర్తింపు 1977లో గానీ రాలేదు. వాళ్లలో ఎలేన్ హార్మన్ అనే ఆమె 2015లో చనిపోతే, ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఆమె అస్థికలకు చోటు లేదన్నారు. ఆమె మనవరాళ్లు పోరాడితే మరుసటి ఏడాది చట్టం మారింది. మనిషి పోయాక కూడా రికార్డు దిద్దవచ్చన్నమాట.

మన ప్రభుత్వాలకు దిద్దడం చేతకాదని కాదు. సెప్టెంబరు 17కు కేంద్రం విమోచన దినమని, రాష్ట్రం 2022లో సమైక్యతా దినమని, 2024లో ప్రజాపాలన దినోత్సవమని పేర్లు పెట్టాయి. ఒక రోజు పేరు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలింది. 2024లోనే కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఎల్‌బీ నగర్ నుంచి మెట్రోలో కోఠీకి పోయే ఆడపిల్లలు ఆ పేరు చదువుతున్నారంటే నాకు నిజంగా సంతోషం. అయితే ఐలమ్మ 1985 దాకా మన మధ్యే ఉంది. బతికున్నన్నాళ్లు ఆమె కోసం ఎంతమందిమి పాలకుర్తికి పోయాం? విగ్రహాలకు, బోర్డులకు ఒక్కరు సరిపోతారు. ఐలమ్మ వెనుక నిలబడ్డ చాకలి, మాదిగ, గొల్ల, లంబాడ స్త్రీలకు ఫైళ్లు కావాలి.

మేము అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. భర్త పింఛను బదిలీ అయిన ప్రతి భార్య ఫైలును మళ్లీ తెరవాలి. ఆమె స్వయంగా పోరాటంలో ఉందా అని అడిగే గడి ఒకటి అందులో చేర్చాలి. ఆమె లేకపోతే పిల్లలు, మనవలు చెప్పేది నమోదు చేయాలి. తోటి స్త్రీల సాక్ష్యాన్ని, దశాబ్దాల కిందటే టేపుల మీద రికార్డు చేసిన మాటలను ఆధారంగా తీసుకోవాలి. చీటీలు మోయడాన్ని, ఆశ్రయం ఇవ్వడాన్ని సాయంగా కాక సేవగా రాయాలి. ఊళ్లలో స్థూపాల మీద 'ఫలానావారి భార్య' అని చెక్కిన చోట ఆమె పేరు చెక్కాలి. పైసా ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి ఇందులో, ముందు వాటితోనైనా మొదలుపెట్టవచ్చు.

అవ్వ మనవరాలు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో పాఠాలు చెబుతోంది. ఆ ఫైలు నకలు కోసం పోయిన నెల సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టింది. జవాబు వస్తే వచ్చే సంచికలో రాస్తాం. మీ ఇంట్లో, మీ వాడలో ఇటువంటి అమ్మమ్మలు, నాయనమ్మలు ఉంటే, లేక ఉండి పోయి ఉంటే, వాళ్ల మూడు పేర్లూ రాసి పంపండి: పుట్టింటి పేరు, దళంలో పేరు, అత్తింటి పేరు. తేదీలు తెలియకపోతే జొన్న కోతలని రాసినా సరే.