నక్షాలో బాట ఉంది, నేల మీద లేదు

2026 జనవరిలో పుణె జిల్లాలో 437 కిలోమీటర్ల అంతర్జాతీయ సైకిల్ రేసు జరిగింది. దాని కోసం గ్రామీణ రోడ్లకు కూడా కొత్తగా తారు పోశారు, గుంతలు పూడ్చారు. సైకిళ్ల పుణ్యమా అని రోడ్లు బాగుపడటం మన దేశంలో అరుదైన సంగతే. అయితే అదే పుణె నుంచి, హైదరాబాద్, బెంగళూరుల నుంచి ఆదివారం తెల్లవారుజామున బయలుదేరే సైకిలిస్టుల్లో ఒక చిన్న వర్గానికి కావలసింది తారు కాదు. నగరం దాటాక తారు ఎక్కడ అయిపోతుందా అని చూసేవాళ్లు వీళ్లు. వీళ్లు తొక్కేది గ్రావెల్ బైక్.

రేసు సైకిల్‌లా వంగిన హ్యాండిల్, దాని కంటే వెడల్పయిన టైర్లు. మొరం మీద, మట్టి మీద, కాలువ గట్ల మీద గంటల తరబడి తొక్కడానికి చేసిన బండి. వెనక నుంచి లారీ హారన్ వినిపించని దారి కోసం జనం దీన్ని కొంటున్నారు. ఖరీదైన సరదానే, కాదనలేం. పాల క్యాన్లు తగిలించుకుని పొలం దారిలో వెళ్లే మామూలు హెర్క్యులస్ సైకిల్ ఎప్పటి నుంచో చేస్తున్న పని కూడా ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగం ఇళ్లలో సైకిల్ ఉంది. కాబట్టి ఈ దారులు ఉంటాయా పోతాయా అన్నది నగరవాసుల వారాంతపు ముచ్చటగా కొట్టిపారేసే ప్రశ్న కాదు.

ఈ క్రీడ పేరు తెచ్చుకున్న చోట్లను చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే చిన్న పట్టణంలో 2006లో 34 మందితో ఒక పోటీ మొదలైంది. ఫ్లింట్ హిల్స్ గడ్డిభూముల గుండా 200 మైళ్ల కంకర దారి. నేడు అక్కడికి వేలమంది వస్తున్నారు. ఆ దారులను సైకిళ్ల కోసం ఎవరూ వేయలేదు. 19వ శతాబ్దంలో భూమిని మైలు చదరాలుగా కొలిచినప్పుడు ఆ గీతల వెంబడి ప్రజలకు దారి వదిలారు. ఇప్పటికీ అక్కడి పల్లె రోడ్లలో అధిక భాగం కంకరవే, వాటిపై హక్కు ప్రజలదే. ఇటలీలోని టస్కనీ కథ ఇంకొకటి. అక్కడి తెల్లమట్టి రోడ్లన్నీ తారు కింద కప్పడిపోతున్నాయన్న దిగులుతో 1997లో కొందరు పాత సైకిళ్ల యాత్ర మొదలుపెట్టారు. ఆ రోడ్ల మీద ఇప్పుడు ప్రపంచస్థాయి రేసు నడుస్తోంది. రెండు చోట్లా దారి ముందు ఉంది, దాని మీద ప్రజల హక్కు ముందు ఉంది. సైకిల్ తరవాత వచ్చింది.

అలాంటి దారులు దక్కనులో లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. కోస్తాలో డొంక, గోదావరి జిల్లాల్లో పుంత, తెలంగాణలో బండ్ల బాట, మహారాష్ట్రలో పాణంద్ రస్తా. ఊరి నుంచి పొలాలకు, ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎడ్లబండ్లు నడిచిన దారులివి. గ్రామ నక్షాలో వీటికి చోటుంది. తెలంగాణలో ‘నక్షా బాట’ అనే మాటే దాన్నుంచి పుట్టింది. చట్టంలోనూ సందిగ్ధం లేదు. మద్రాసు ప్రభుత్వం 1905లో తెచ్చిన భూ ఆక్రమణల చట్టం రోడ్లు, వీధులు, బాటలు ప్రభుత్వ ఆస్తి అని చెప్పింది. నిజాం కాలపు 1317 ఫసలీ భూమి శిస్తు చట్టమూ అదే చెప్పింది.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న బాట నేల మీద ఎలా మాయమైంది? ఒక్కసారిగా కాదు. ఎడ్లబండి పోయి ట్రాక్టర్ వచ్చింది. దున్నినప్పుడల్లా పక్క రైతు ఒక సాలు లోపలికి జరిగాడు. అవతలి రైతు ఊరుకోలేదు, అతనూ జరిగాడు. కొన్నేళ్లకు రెండు బండ్లు తప్పుకునే దారి మనిషి నడిచే గట్టయింది. నగరాల చుట్టుపక్కల మాత్రం ఈ పని నెమ్మదిగా జరగలేదు. వ్యవసాయ భూమి ఫాంహౌస్ ప్లాట్లుగా మారిన చోట నాలుగు వైపులా ప్రహరీ లేచింది, మధ్యలో ఉన్న బాట వెంచర్ లోపలి రోడ్డయింది. గేటు దగ్గర కాపలా మనిషి కూర్చున్నాడు.

గ్రావెల్ బైకు మీద వచ్చేవాళ్లకు ఇది ఫోన్ తెరపై ఎదురవుతుంది. ఉపగ్రహ చిత్రంలో సన్నని గీత కనిపిస్తుంది. అక్కడికి వెళ్తే ముళ్లకంచె. లేదా దారి ఉంటుంది కానీ అది ఎవరిదో తెలియదు, ఎవరైనా అడ్డగిస్తే చెప్పడానికి జవాబు ఉండదు. పొలం గట్టు మీద అపరిచితుడు సైకిల్ తొక్కుతూ వస్తే రైతు ప్రశ్నించడం న్యాయమే. ఏది ప్రజల బాట, ఏది సొంత గట్టు అన్నది చూపించే బోర్డు గానీ, అందరికీ అందే మ్యాపు గానీ లేకపోవడమే అసలు చిక్కు.

సైకిలిస్టు వెనక్కి తిరిగి ఇంకో దారి వెతుక్కుంటాడు. రైతుకు ఆ వీలు లేదు. బాట మూసుకుపోతే వెనక ఉన్న పొలానికి కోత యంత్రం వెళ్లదు, కోసిన చెరకు రోడ్డెక్కదు. పక్కవాడి దయ మీద పంట ఆధారపడుతుంది. తహసీల్దారు కార్యాలయాల్లో దారి తగాదాలకు లోటు లేదు. గొర్రెల మందలతో ఊళ్లు దాటే కురుమలకు, గొల్లలకు, మహారాష్ట్ర ధన్‌గర్లకు ఇదే దెబ్బ మరోలా తగులుతుంది. వాళ్లు నడిచే బీళ్లను ప్రభుత్వ లెక్కలు చాలాచోట్ల బంజరు అంటాయి. ఆ ‘బంజరు’లోనే తోడేలు, నక్క, రోళ్లపాడు ప్రాంతంలో అంతరించే దశకు చేరిన బట్టమేక పక్షి బతికాయి. నేల మీద గుడ్లు పెట్టే పక్షులున్న గడ్డిభూముల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు తొక్కడమూ ప్రమాదమే. అందుకే గుర్తించిన బాట ఉండాలి, ప్రయాణం దాని మీదే సాగాలి.

ఈ విషయంలో మహారాష్ట్ర కొంత ముందుంది. అక్కడ 1906 నాటి మామ్లతదార్ కోర్టుల చట్టం కింద, పొలం దారికి అడ్డు పెడితే ఆరు నెలల్లోపు తహసీల్దారు స్థాయిలోనే ఫిర్యాదు చేసి తొలగింపజేయవచ్చు. సివిల్ కోర్టులో ఏళ్లు గడపనక్కర్లేదు. పొలం హద్దుల మీదుగా దారి కోరే వీలు 1966 భూ రెవెన్యూ కోడ్‌లోని 143వ సెక్షన్ కల్పిస్తోంది. 2025లో ఆ రాష్ట్రం మరో అడుగు వేసి, పొలం దారులు కనీసం 3 మీటర్ల వెడల్పు ఉండాలని, వాటిని 7/12 పత్రంలో నమోదు చేయాలని ఆదేశించింది. నమోదు చేయడమే ఇందులో కీలకం. భూమి చేతులు మారినా దారి హక్కు కాగితంలో మిగిలి ఉంటుంది.

ఇంగ్లండ్ 1949లోనే ఈ పని మొదలుపెట్టింది. స్థానిక సంస్థలు ప్రజల బాటలన్నిటికీ అధికారిక మ్యాపు తయారు చేయాలని చట్టం చేసింది. 1968లో గుర్రపు బాటల మీద సైకిళ్లనూ అనుమతించింది. నమోదు కాని పాత బాటలపై హక్కు రద్దయ్యే గడువు ఒకటి మొదట 2026కు పెట్టి, తరవాత 2031కి జరిపి, చివరికి దాన్నే ఎత్తివేస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. మ్యాపు మొదలుపెట్టి 75 ఏళ్లయినా పని పూర్తి కాలేదన్నమాట.

గ్రావెల్ దారుల మీద ప్రేమ ఊళ్లకు తారు రోడ్డు వద్దనే దాకా పోకూడదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశలో 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలని 2024 సెప్టెంబరులో కేంద్రం నిర్ణయించింది. అంబులెన్సు రావాల్సిన ఊరికి కంకర అందంగా కనిపించదు. వాదన ఆ రోడ్ల గురించి కాదు, వాటి నుంచి చీలి పొలాల్లోకి వెళ్లే బాటల గురించి. వాటికి మొరం, పక్కన కాలువ, నీరు దాటే చోట ఒక తూము చాలు. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు వెంట 2023లో 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. మంచి పనే. ఆ పైకప్పు కింద తొక్కేవాళ్లకు చేవెళ్ల, వికారాబాద్ వైపు పొలాల గుండా వెళ్లే ప్రజల బాటల మ్యాపు ఒకటి ఇవ్వడానికి అంత ఖర్చు కూడా కాదు.

దానికి సమయం ఇదే. ఆంధ్రప్రదేశ్ 2020 డిసెంబరులో మొదలుపెట్టిన రీసర్వే ఇంకా సాగుతోంది. తెలంగాణ 2025లో భూభారతి చట్టం తెచ్చి, నక్షాలే లేని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా కొలతలు మొదలుపెట్టింది. సర్వేయరు ఇవాళ నేల మీద ఉన్నదాన్ని కొలుస్తాడు. దున్నేసిన బాట డ్రోన్ చిత్రంలో పొలంగానే కనిపిస్తుంది. పాత నక్షాతో సరిచూసి, గ్రామసభలో చదివి వినిపించి, బాటకు సొంత నంబరు ఇవ్వకపోతే కొత్త హద్దురాయి పాత ఆక్రమణను ఖాయం చేస్తుంది. ఆ తరవాత ఇక్కడ దారి ఉండేదని నిరూపించుకునే భారం వెనక పొలం రైతు మీదే పడుతుంది.